పిడుగు నుంచి ఇల్లు, మిల్లు, బోరు మోటారు: ఎండిన నేలలో ఎవరికి ఏ రక్షణ?

మన వైపు పిడుగులకు అసలు కాలం నడివానాకాలం కాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ నిప్పులు చెరిగి, సాయంత్రానికి ఒక దిక్కు నల్లబడి, దుమ్ముతో గాలి లేచి నాలుగు చినుకులు రాలతాయి చూడండి, అప్పుడు. అప్పటి నుంచి రోహిణి కార్తె, మిరుగు దాటేదాకా ఇదే వరస, మళ్లీ వానాకాలం వెళ్లిపోయేటప్పుడు ఇంకో విడత. ఆ ఎండాకాలపు గాలివాన వచ్చేసరికి నేల నాలుగైదు నెలలుగా సరైన వాన చూసి ఉండదు. చెల్క భూమి అడుగు లోతు దాకా పొడిపొడిగా ఉంటుంది, దాని కింద మొరం, ఆ కింద రాయి. అంటే పిడుగుల జోరు మొదలయ్యే రోజుల్లోనే నేల కరెంటును తనలోకి తీసుకోవడానికి ఏ మాత్రం సిద్ధంగా ఉండదు.

వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ వైపు ఇల్లో మిల్లో కట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మాత్రం "ఏ లైట్నింగ్ అరెస్టర్ మంచిది?" అని. అమ్మేవాళ్లు కూడా డాబా మీద పెట్టే వస్తువు గురించే మాట్లాడతారు. నా లెక్కలో వరస తలకిందులు: ముందు నేల, తర్వాత ఇంటి లోపలి తీగలు, ఆఖరున పైకప్పు. డాబా మీది వాన గొట్టం ఎంత లావుగా ఉన్నా కింద కాలువ పూడిపోతే నీళ్లు ఇంట్లోకే వస్తాయి కదా, ఇదీ అంతే.

## ముందు తేల్చుకోవాల్సినవి

దేన్ని కాపాడాలి? పిడుగు చేసే నష్టం మూడు రకాలు. కట్టడం మీద నేరుగా పడి పిట్టగోడ పగలడం, నిప్పంటుకోవడం ఒకటి. కట్టడం పక్కన నిలబడ్డ మనిషికో పశువుకో నేలలోంచి, గోడలోంచి దెబ్బ తగలడం రెండోది. ఎక్కడో కిలోమీటరు దూరంలో లైను మీద పడి, తీగల వెంట వచ్చి టీవీ, ఫ్రిజ్, మోటారు స్టార్టరు కాల్చేయడం మూడోది. మామూలు ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. డాబా మీద ఎంత ఖరీదైన కడ్డీ పెట్టినా దాన్ని ఆపలేదు.

నేల ఎలాంటిది? తడి నల్లరేగడి నిరోధకత, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, కొన్ని పదుల ఓం-మీటర్లు. ఎండిన ఇసుక చెల్క, మొరం వందల్లోంచి వెయ్యి దాకా పోతాయి. గ్రానైటు రాయి వేలల్లో ఉంటుంది. ఒకే ఊళ్లో చెరువు కింద స్థలానికీ గుట్ట పక్క స్థలానికీ పది ఇరవై రెట్ల తేడా ఉండొచ్చు. పక్కింటివాళ్లకు పనిచేసిన ఎర్తింగ్ మనకూ పనిచేస్తుందన్న భరోసా లేదు.

కట్టడం ఏ దశలో ఉంది? పునాది ఇంకా తీయలేదంటే మీ చేతిలో అన్నింటికన్నా చవకైన, మన్నికైన అవకాశం ఉంది. స్లాబు వేసేశాక అది పోయినట్టే.

తర్వాత ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఒక ఊరి హైస్కూల్లో గోడ మీది రాగి పట్టీ మనిషి చేయి అందే ఎత్తు దాకా తెగిపోయి ఉంది. దొంగలు చేతికందినంత కోసుకుపోయారు. మిగిలిన ముక్క గాలికి ఊగుతూ తరగతి కిటికీ చువ్వల పక్కన వేలాడుతోంది, పైన మాత్రం ఐదు మొనల కడ్డీ కొత్తదానిలా మెరుస్తోంది. ఆ కడ్డీ అసలే లేకపోయినా నయమే, ఇప్పుడు పిడుగు పడితే తెగిన చోటి నుంచి కిటికీ చువ్వల్లోకే దూకుతుంది.

ఇక ఒక చిన్న లెక్క. ఓ మోస్తరు పిడుగులో కరెంటు సుమారు 30 వేల ఆంపియర్లు. మీ ఎర్తింగ్ పది ఓంలు ఉందనుకుందాం, అంటే అందరూ మెచ్చుకునే అంకె. 30,000ను 10తో గుణిస్తే 3 లక్షల వోల్టులు. ఆ క్షణంలో మీ ఎర్తు కడ్డీ దూరపు నేలతో పోలిస్తే మూడు లక్షల వోల్టుల ఎత్తున ఉంటుంది. ఇంట్లో ఉన్న లోహాలన్నీ దానితో కలిపి కట్టి ఉంటే అన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి, వాటి మధ్య తేడా పెద్దగా ఉండదు. నల్లా పైపు ఒక ఎర్తుకు, సోలారు ఇంకో ఎర్తుకు, మీటరు బోర్డు మరో ఎర్తుకు వేటికవి ఉంటే ఆ తేడా మనుషుల మీదుగా, మెషిన్ల మీదుగా సర్దుకుంటుంది. ఎర్తింగ్ అంకె ఎంత తగ్గించామన్న దానికన్నా అన్నింటినీ ఒక్కచోట కలిపామా లేదా అన్నది పెద్ద విషయం. ఎండిన నేలలో అయితే మరీను, ఎందుకంటే అక్కడ అంకె ఎలాగూ తగ్గనని మొండికేస్తుంది.

## ప్రమాణం ఏమంటుంది

మన దేశంలో అనుసరించాల్సింది ఐఎస్/ఐఈసీ 62305. పాత ఐఎస్ 2309 పేరు చెప్పి ఇంకా కొటేషన్లు ఇస్తుంటారు, దాని కాలం అయిపోయింది. కొత్త ప్రమాణం రక్షణను నాలుగు తరగతులుగా చేసింది, అందులో 1 అన్నింటికన్నా గట్టిది.

| తరగతి | ఊహా గోళం వ్యాసార్థం | పైకప్పు మీద వల గడి | కిందికి దిగే పట్టీల మధ్య దూరం |
|---|---|---|---|
| 1 | 20 మీ. | 5 × 5 మీ. | 10 మీ. |
| 2 | 30 మీ. | 10 × 10 మీ. | 10 మీ. |
| 3 | 45 మీ. | 15 × 15 మీ. | 15 మీ. |
| 4 | 60 మీ. | 20 × 20 మీ. | 20 మీ. |

ఊహా గోళం అంటే, అంత వ్యాసార్థం ఉన్న బంతిని కట్టడం మీదుగా అన్ని వైపుల నుంచీ దొర్లించారనుకోండి. అది తాకే చోటల్లా పిడుగు పడొచ్చు, తాకలేని చోటు రక్షణలో ఉన్నట్టు. ఏ తరగతి కావాలన్నది ఆ ప్రమాణం రెండో భాగంలోని ముప్పు లెక్క వేసి తేలుస్తారు. మామూలు ఇళ్లు, బడులు ఎక్కువగా 3, 4 తరగతుల్లో వస్తాయి. మంటలంటుకునే సరుకు ఉన్నవి 1, 2లోకి పోతాయి.

## పైకప్పు మీద: నాలుగు దారులు

| దారి | ఖర్చు | ఎవరికి నప్పుతుంది | లోపం |
|---|---|---|---|
| ఒంటి కడ్డీ | తక్కువ | నీళ్ల ట్యాంకు, సన్నటి ఎత్తైన కట్టడం | వెడల్పు డాబా మూలలు బయటే మిగులుతాయి |
| పిట్టగోడ పట్టీ, వల | మధ్యస్థం | ఇళ్లు, బడులు, ఆస్పత్రులు | పట్టీలు, క్లాంపులు కనిపెట్టుకుని ఉండాలి |
| కట్టడంలోని ఇనుమే వాడుకోవడం | కొత్తవాటికి చాలా తక్కువ | పునాది దశలో ఉన్నవి, ఇనుప షెడ్లు | ముందే అనుకోకపోతే కుదరదు |
| ఈఎస్ఈ కడ్డీ | ఎక్కువ | నేను ఎవరికీ చెప్పను | చెప్పుకునే పరిధికి మన ప్రమాణంలో చోటు లేదు |

ఒంటి కడ్డీ. అందరికీ తెలిసినది, అందరూ ఎక్కువ నమ్మేది. రెండంతస్తుల ఇల్లు, పది మీటర్ల ఎత్తు అనుకుందాం. డాబా నడుమ మూడు మీటర్ల కడ్డీ నిలబెట్టారు. మూడో తరగతి లెక్కన 45 మీటర్ల గోళాన్ని పక్క నుంచి దొర్లిస్తే, డాబా మట్టంలో ఆ కడ్డీ కాపాడేది చుట్టూ మూడు మీటర్ల పైచిలుకు మాత్రమే. పిట్టగోడ మూలలన్నీ బయటే. పిడుగు పడ్డ ఇళ్లను చూడండి, పెచ్చులూడేది ఎక్కువగా మూలే. నీళ్ల ట్యాంకు పైనో, ఫోను టవరు మీదో, గోపురం మీదో అయితే ఒంటి కడ్డీ సరైనదే, అక్కడ కాపాడాల్సిన వెడల్పే లేదు.

పిట్టగోడ పట్టీ, వల. పిట్టగోడ మీదుగా చుట్టూ పట్టీ, డాబా వెడల్పుగా ఉంటే అడ్డంగా గడులు, ట్యాంకుకీ మెట్ల గదికీ చిన్న కడ్డీలు, కనీసం రెండు వైపులా కిందికి దిగే పట్టీలు. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు, పని మాత్రం చేస్తుంది. పట్టీకి రాగి అక్కర్లేదు. 8 మి.మీ. గుండ్రటి అల్యూమినియం తీగ సరిపోతుంది, దొంగకు దాని మీద అంత ఆశ ఉండదు, వంచడం సులువు, ధర తక్కువ. ఒక్క జాగ్రత్త, అల్యూమినియాన్ని మట్టిలో, సిమెంటులో పాతకూడదు, తినేస్తుంది. నేలకు అడుగు పైనే జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీకి మార్చి, ఆ అతుకుకు రెండు లోహాలకూ పనికొచ్చే క్లాంపు వేయాలి.

కట్టడంలోని ఇనుము. పిల్లర్లలో ఎలాగూ ఇనుము ఉంది. మూల పిల్లర్లలో ఒక్కో రాడ్డును ఎంచుకుని, పునాది నుంచి స్లాబు దాకా అతుకు పడ్డ చోటల్లా వెల్డింగో క్లాంపో చేయించి, పైన ఒక కొస, కింద ఒక కొస బయటికి తీస్తే కిందికి దిగే పట్టీల ఖర్చే ఉండదు. దొంగ భయం లేదు, ఎండకు తుప్పు పట్టేది లేదు. రాడ్ బైండింగ్ చేసేవాళ్లు బైండింగ్ తీగ చుట్టి "అయిపోయింది" అంటారు, ఆ రాడ్డుకు మాత్రం అలా ఒప్పుకోవద్దు. ఎంచుకున్న రాడ్డుకు ఎర్ర రంగు పూయిస్తే మేస్త్రీ మారినా పని మారదు. పై నుంచి కింది దాకా మొత్తం నిరోధం 0.2 ఓం మించకూడదని ప్రమాణం. కాంక్రీటు పోయకముందే కొలిపించి రాయించుకోండి.

రేకుల షెడ్డు ఉంటే ఇంకా సులువు. ఇనుప రేకు మందం అర మిల్లీమీటరు ఉండి, రేకుకు చిల్లు పడ్డా కింద అంటుకునేది ఏమీ లేకపోతే ఆ రేకే పిడుగును పట్టే పైకప్పు. చిల్లే పడకూడదంటే ఉక్కు 4 మి.మీ. ఉండాలి. కొనేటప్పుడు మందం అడగండి, బజారులో అంతకన్నా పలచనివి కూడా అమ్ముతారు. రేకులూ, దూలాలూ, స్తంభాలూ ఒకదానికొకటి తగిలి ఉండి, స్తంభాల అడుగు ఎర్తుకు కలిస్తే చాలు. సిమెంటు రేకులకు ఈ లెక్క వర్తించదు.

ఈఎస్ఈ (ఎర్లీ స్ట్రీమర్ ఎమిషన్) కడ్డీ. తల మీద చిన్న గిన్నె లాంటిది ఉంటుంది. మబ్బు కమ్మగానే మిగతా కడ్డీలకన్నా ముందే పైకి నిప్పురవ్వ పంపి పిడుగును పట్టేస్తుందనీ, ఒక్కటి పెడితే చుట్టూ వంద మీటర్లు నిశ్చింత అనీ చెప్తారు. దీనికి ఆధారం ఫ్రాన్సు ప్రమాణం ఎన్ఎఫ్ సీ 17-102. ఐఈసీ 62305 ఆ అదనపు పరిధిని ఒప్పుకోదు, దాని లెక్కలో ఇదీ మామూలు కడ్డీయే. ఫంక్షన్ హాళ్లూ, కాలేజీలూ దీన్నే ఎక్కువ పెట్టించుకుంటున్నాయి, ఎందుకంటే ఒక కడ్డీ, ఒక పట్టీ, ఒక గుంతతో పని అయిపోతుంది. అయిపోయేది కాంట్రాక్టరు పని. ఆ డబ్బుతో పిట్టగోడ చుట్టూ పట్టీ, నేలలో వలయం రెండూ వస్తాయి. ఇప్పటికే పెట్టించి ఉంటే పీకేయనక్కర్లేదు, మామూలు కడ్డీగా లెక్కేసుకుని మూలలకు పట్టీ కలపండి.

## నేలలో: అసలు డబ్బు పెట్టాల్సిన చోటు

మూడు మీటర్ల కడ్డీ నేలలో దిగేస్తే వచ్చే నిరోధం, ఓం-మీటర్లలో నేల నిరోధకతకు ఇంచుమించు మూడో వంతు. ఆ సూత్రాన్నే సాగదీసి చూస్తే:

| నేల | 3 మీ. కడ్డీ ఒకటి | అర మీటరు లోతున 20 మీ. పట్టీ | ఇంటి చుట్టూ వలయం, 12 × 14 మీ. |
|---|---|---|---|
| తడి రేగడి, 50 ఓం-మీ. | సుమారు 17 ఓం | సుమారు 4.5 ఓం | సుమారు 2.3 ఓం |
| మామూలు చెల్క, 300 ఓం-మీ. | సుమారు 100 ఓం | సుమారు 26 ఓం | సుమారు 14 ఓం |
| ఎండిన మొరం, 1000 ఓం-మీ. | సుమారు 335 ఓం | సుమారు 90 ఓం | సుమారు 46 ఓం |

మొదటి నిలువు వరస చూస్తేనే తెలిసిపోతుంది, మొరం నేలలో ఒక కడ్డీ దిగ్గొట్టి "ఎర్తింగ్ అయింది" అనడం ఉత్తమాట. ఇవి నేలంతా ఒకే రకంగా ఉందనుకుని వేసిన లెక్కలు. నిజానికి పై అడుగు ఎండిపోయి, కింద రాయి ఉన్నచోట ఇంకా అటూ ఇటూ అవుతాయి.

ఉప్పు, బొగ్గు గుంత. మన ఎలక్ట్రీషియన్లకు చేతి అలవాటు ఇదే. నీళ్లు పోస్తున్నంత కాలం పనిచేస్తుంది. ఎవరు పోస్తారు? సిమెంటు మూత ఎత్తి చూస్తే గరాటులో గుట్కా ప్యాకెట్లు, కందిరీగల గూడు, ఎండి తెల్లగా పేరుకున్న ఉప్పు. వానలకు ఉప్పు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ జీఐ పైపును తింటుంది. నీటి వసతి ఉండి, రోజూ చూసే మనిషి ఉన్న ఆస్పత్రికో మిల్లుకో ఫరవాలేదు. తాళమేసి పట్నంలో ఉండేవాళ్ల ఇంటికి వద్దు.

బెంటొనైటు, కార్బన్ పొడి. "కెమికల్ ఎర్తింగ్" పేరుతో వచ్చేవాటిలో నింపే పొడి ఏమిటో అడగాలి. బెంటొనైటు తేమ పీల్చి ఉబ్బే బంకమట్టి. తేమ ఉన్నచోట బాగుంటుంది, మన మే నెలలో ఎండి ముడుచుకుపోయి కడ్డీకీ మట్టికీ మధ్య సందు తెస్తుంది. గ్రాఫైటు, కార్బన్ కలిసిన గట్టిపడే పొడి అయితే నీటి మీద ఆధారపడదు. రాతినేలలో పట్టీ చుట్టూ అదే పోయించండి.

లోతు బోరు ఎర్తింగ్. పై పొర ఎండినా ముప్పై నలభై అడుగుల కింద తేమ ఉంటుందన్న ఆలోచన మంచిదే. రేగడిలో, చెరువు ఆయకట్టులో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గుట్టల పక్కన పదిహేను అడుగులకే రాయి తగిలితే మాత్రం రాయిలో చేసిన కన్నం తప్ప ఏమీ మిగలదు. పాత బోరుకు ఇనుప కేసింగు ఉంటే దాన్ని మీ ఎర్తుతో కలపండి, ఖర్చు లేని లాభం. పీవీసీ కేసింగు అయితే ఆ ఆశ లేదు.

వలయం. ఇంటి గోడకు మీటరు దూరంలో, కనీసం అర మీటరు లోతున, కట్టడం చుట్టూ జీఐ పట్టీ. పొడవులో కనీసం 80 శాతం మట్టిలో ఉండాలి. బండరాయి మీద కట్టినవాటికి ప్రమాణం సూచించేది కూడా ఈ పద్ధతినే. మొరంలో 46 ఓం వచ్చిందని కంగారు పడకండి. పది ఓం అనేది మంచి గురి, అంతే. 3, 4 తరగతులకు వలయం సగటు వ్యాసార్థం ఐదు మీటర్లు దాటితే నేల ఎలాంటిదైనా సరిపోయినట్టే. 1, 2 తరగతులకు మాత్రం నేల గట్టిదయ్యేకొద్దీ పొడవు పెంచాలి. వలయంలోని ఇంకో లాభం, ఇల్లు నిలబడ్డ నేలంతా దాదాపు ఒక్కలా పైకి లేస్తుంది కాబట్టి లోపలివాళ్లకు దెబ్బ తగిలే ముప్పు తగ్గుతుంది.

పునాది ఎర్తింగ్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని అరిజోనా ఎడారిలో సైన్యం బాంబులు దాచే గోదాములు కట్టింది. వాన లేదు, నేల ఎముకలా ఎండిపోయి ఉంది, పిడుగు పడితే బాంబులు పేలతాయి. హెర్బర్ట్ యూఫర్ అనే ఇంజనీరు పునాది కాంక్రీటులోని ఇనుమునే ఎర్తుగా వాడాడు. కాంక్రీటు మట్టిలోంచి తేమ పీల్చుకుని అంత తొందరగా వదలదు, ఆ పట్టుమీదే ఏళ్ల తరబడి అక్కడి నిరోధం ఐదు ఓంల లోపే నిలిచింది. అంతకన్నా ఎండిన చోటు మనకు లేదు. కొత్తగా కట్టేవాళ్లకు నా మొదటి ఓటు దీనికే. పునాది ఇనుమును చుట్టూ కలిపి వెల్డ్ చేయించి, కొసలు బయటికి తీయాలి. పునాది అడుగున పాలిథిన్ షీటు పరిచినా, వాటర్‌ప్రూఫ్ పొర వేసినా కాంక్రీటుకు మట్టి తగలదు, అప్పుడు ఇది పనిచేయదు. ఆ షీటు విషయం ముందే మేస్త్రీకి చెప్పండి.

ఏది ఎంచుకున్నా పట్టీ దిగేచోట మనుషులు నిలబడే వీలుంటే మూడు మీటర్ల మేర 15 సెం.మీ. మందాన కంకర పరిపించండి. బడిలో, గుడి ముందు, బస్సు షెల్టరు దగ్గర ఇది తప్పనిసరి అనే అంటాను.

## తీగల వెంట వచ్చేదానికి: ఎస్‌పీడీ

స్టెబిలైజరు పిడుగు సర్జ్‌ను, అంటే తీగల్లో ఒక్కసారిగా ఉబికే వోల్టేజిని, ఆపదు. ఆర్‌సీసీబీ ఆపదు, అది మనిషికి షాకు తగలకుండా చూసేది. ఎంసీబీ ఆపదు. ఆపేది సర్జ్ ప్రొటెక్టర్, దుకాణాల్లో ఎస్‌పీడీ అంటే ఇస్తారు.

- టైప్ 1: నేరుగా పిడుగు కరెంటులో వాటా మోయగలది. డాబా మీద కడ్డీ, పట్టీ ఉన్న కట్టడానికి మీటరు దగ్గర ఇదే ఉండాలి. ఒక్కో తీగకు 12.5 కిలోఆంపియర్లు అని రాసి ఉన్నది చూడండి.
- టైప్ 2: లైను మీంచి వచ్చే సర్జ్‌కు. కడ్డీ లేని మామూలు ఇంటికి ఇది చాలు. 20 కిలోఆంపియర్ల నామమాత్రపు సామర్థ్యం, 1.5 కిలోవోల్టుల లోపు రక్షణ వోల్టేజి ఉన్నది తీసుకోండి.
- టైప్ 3: టీవీ, కంప్యూటరు దగ్గరి ప్లగ్గు. ఒంటరిగా పెడితే ఉపయోగం తక్కువ.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు తీగ పొడవు. ఎస్‌పీడీకి వచ్చే తీగ, దాని నుంచి ఎర్తు బార్‌కు పోయే తీగ కలిపి అర మీటరు దాటకూడదు. బోర్డులో అందంగా మలుపులు తిప్పి రెండు మీటర్లు లాగితే ఆ తీగ మీదే వేల వోల్టులు తేలుతాయి, ఎస్‌పీడీ ఉన్నా లేనట్టే. దాని కిటికీలో ఆకుపచ్చ రంగు ఎర్రబడితే మార్చాలి. గాలివాన కాలం అయ్యాక ఓసారి చూడటం అలవాటు చేసుకోండి. డిష్ తీగ, సీసీ కెమెరా తీగ కూడా దారులేనన్నది మరిచిపోవద్దు.

ఉరిమితే "అర్జున, ఫల్గుణ" అని చదువుకోవడం మన ఇళ్లలో అలవాటు. చదువుకోండి, కానీ ప్లగ్గులు తీసే పని మబ్బు పడుతున్నప్పుడే చేసేయండి. దగ్గర్లో ఉరుముతున్నప్పుడు బోర్డు మీద చెయ్యి వేయకూడదు.

## ఇక ఎవరికి ఏది

హనుమకొండ, కాజీపేట కాలనీల్లో ఒకటి రెండంతస్తుల ఇల్లు. చుట్టూ అంతకన్నా ఎత్తైన అపార్టుమెంట్లు ఉంటే పైకప్పు పని తర్వాత చూసుకోవచ్చు. ముందు టైప్ 2 ఎస్‌పీడీ, అన్ని ఎర్తుల్నీ కలపడం. చుట్టూ ఖాళీగా, గుట్ట మీద ఒంటరిగా ఉన్న ఇల్లయితే పిట్టగోడ పట్టీ, వలయం, టైప్ 1.

డాబా మీద సోలారు పెట్టించుకునేవాళ్లు. పీఎం సూర్యఘర్ వచ్చాక ఇవి ఇంటింటికీ పెరిగాయి. సాధారణంగా మూడు గుంతలు తీస్తారు: ఒకటి డీసీకి, ఒకటి ఏసీకి, ఒకటి అరెస్టరుకు. వేటికవే ఉంచితే శుద్ధంగా ఉంటాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. పైన వేసిన మూడు లక్షల వోల్టుల లెక్క గుర్తుంటే అది ఎంత ముప్పో తెలుస్తుంది. మూడింటినీ నేల కింద పట్టీతో కలిపించండి. ప్యానెళ్ల డీసీ పెట్టెలో కూడా ఎస్‌పీడీ ఉందో లేదో మూత తీయించి చూడండి.

పత్తి జిన్నింగు మిల్లు, గోదాము, కోల్డ్ స్టోరేజీ. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, గీసుకొండ, పరకాల వైపు మిల్లువాళ్లు ఒక్క నిప్పురవ్వకు ఎంత పోతుందో నాకన్నా బాగా తెలిసినవాళ్లు. ఆరుబయట టార్పాలిన్ కింద పేర్చిన పత్తికి పక్కనే విడిగా స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య పైన తీగ లాగడమే మేలు, పిడుగు సరుకు దగ్గరికే రాకుండా పోతుంది. తరగతి 2కు తగ్గొద్దు. కోల్డ్ స్టోరేజీల పైకప్పు రెండు పలచటి రేకుల మధ్య ఫోము. రేకుకు చిల్లు పడితే ఫోము అంటుకుంటుంది, అందుకని రేకునే నమ్ముకోకుండా పైన కడ్డీలు ఉండాల్సిందే. ఇక్కడ ఖర్చు గురించి బేరమాడటం నాకు నచ్చదు.

గుడి. శిఖరం మీది రాగి కలశం పిడుగును పట్టుకుంటుంది నిజమే, నేలకు దారి లేకపోతే పట్టుకున్నదాన్ని గోపురంలోకే వదులుతుంది. కలశం నుంచి రెండు వైపులా పట్టీ దింపాలి, రేకు తొడిగిన ధ్వజస్తంభాన్నీ అదే ఎర్తుకు కలపాలి. గంట గొలుసు పట్టీకి దగ్గరగా ఉండకూడదు. రామప్ప, వేయి స్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడాల మీద మేకు కొట్టాలన్నా పురావస్తు శాఖ అనుమతి ఉండాలి, అలాంటిచోట దూరంగా నిలబెట్టే స్తంభమే దారి.

పొలంలో బోరు మోటారు. ఇక్కడ కడ్డీ ఊసే వద్దు. స్టార్టరు డబ్బాలో మూడు ఫేజులకూ టైప్ 2 ఎస్‌పీడీ, డబ్బా ఎర్తు, బోరు ఇనుప కేసింగు, మోటారు పైపు మూడూ ఒకే పట్టీకి. ట్రాన్స్‌ఫార్మర్ మీది లైట్నింగ్ అరెస్టర్లలో ఒకటి ఊడి వేలాడుతుంటే వెంటనే లైన్‌మ్యాన్‌కు చెప్పండి. అది పోయిందంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నింటికీ మొదటి కాపు పోయినట్టే.

మనిషి సంగతి వేరు. 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఆరుబయట ఉన్న మనిషిని ఏ పరికరమూ కాపాడదు. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన దామిని యాప్ చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపు మెరుపుల్ని చూపిస్తుంది, పత్తి చేలో పనిచేసేవాళ్లలో ఒక్కరి ఫోనులో ఉన్నా చాలు. తాటిచెట్టు కింద, వేపచెట్టు కింద నిలబడొద్దు, తీగల కంచె పట్టుకోవద్దు, కప్పు లేని ట్రాక్టరు మీద కూర్చోవద్దు. పక్కా ఇల్లో, తలుపులు మూసిన కారో వెతుక్కోండి. ఆఖరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రావొద్దు.

## కొటేషను చేతికొచ్చాక

రెండు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు మొత్తం రూపాయలు చూసేముందు ఇవి అడగండి. ఏ తరగతికి లెక్క వేశారు, ముప్పు లెక్క కాగితం ఉందా? ఎర్తు కొలత ఏ నెలలో తీస్తారు? ఆగస్టులో తీసిన ఎనిమిది ఓంలకు మే నెలలో విలువ లేదు, కొలత మార్చి-మే మధ్యలో, మూడు మేకుల ఎర్త్ టెస్టరుతో, మీ ఎదుటే జరగాలి, తారీఖు వేసి సంతకం పెట్టాలి. మీటరు ఎర్తును, అరెస్టరు ఎర్తును కలుపుతున్నారా? "కలపకూడదు" అని జవాబు వస్తే ఆ కొటేషను పక్కన పెట్టేయండి. తర్వాత చూడటానికి ఎవరు వస్తారు? ప్రమాణం ప్రకారం 1, 2 తరగతులకు ఏడాదికోసారి కంటి చూపు తనిఖీ, రెండేళ్లకోసారి పూర్తి పరీక్ష. 3, 4కు రెండేళ్లు, నాలుగేళ్లు. పట్టీ నేలలోకి దిగే ముందు విప్పి కొలవడానికి వీలుగా ఒక టెస్టు జాయింటు పెట్టమనండి, నట్టు బిగింపుకు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. మామూలు నట్టు మూడేళ్లకు తుప్పు పట్టి ఊడిరానంటుంది, అప్పుడు కొలిచేవాడు ఊరికే ఒక అంకె రాసి వెళ్లిపోతాడు.